తాకట్టు కొట్టులో తగాదాలు: ఇనప్పెట్టెలో ఉన్నది ఎవరిది?

నాన్నగారు, అన్నయ్య, మీరు కలిసి నడుపుతున్న తాకట్టు కొట్టులో పగలు వచ్చినవారితోనూ, రాత్రి ఇంట్లో ఒకరితో ఒకరూ వాదించుకోవడంతోనే కాలం గడిచిపోతున్నదని మీరు రాశారు. నాన్నగారు పాత పరిచయాన్ని చూసి ఎక్కువ ఇస్తారు, అన్నయ్య మేలిమిని కొలిచే యంత్రం చూపిన అంకెను దాటడు, చిట్టా రాసే మీరు ఇద్దరికీ చెడ్డవారవుతున్నారు. ఈ వ్యాపారంలో ఉంటూనే తగాదాలు తగ్గించుకునే దారి ఉందా, లేక వాటా తీసుకుని వేరుపడటమే మేలా అన్నది మీ ప్రశ్న. మా కుటుంబం నడిపిన ఇలాంటి కొట్టులోనే నేను ముప్పై ఏళ్ళకు పైగా కూర్చున్నాను. మీరు చెప్పిన వాటిలో మా ఇంట్లో జరగనిది ఒక్కటీ లేదు. వాటా సంగతి చివర చెబుతాను, ఎందుకంటే ముందున్న విషయాలు తేలకుండా దాని గురించి మాట్లాడుకుంటే లెక్క తప్పుతుంది.

నా అనుభవంలో ఈ వ్యాపారంలోని తగాదాలలో ఎక్కువ భాగం ఒకే మరుపు నుంచి పుడతాయి. కుదువ పెట్టిన వస్తువు మన చేతికి వస్తుంది గానీ మనది కాదు. గడువు తీరేదాకా దాని యజమాని అవతలివారే. మనకున్నది దానిని దగ్గర ఉంచుకునే హక్కు, ఇచ్చిన అసలు మీద వడ్డీ మాత్రమే. ఈ మాట చెబితే ప్రతివారూ తెలుసునంటారు. అయితే ఇనప్పెట్టె తాళంచెవి పదేళ్ళు నడుముకు వేలాడిన తరువాత, లోపలున్నదంతా ఇంటి సొత్తేనన్న భావం తెలియకుండానే మనసులో చేరుతుంది. బల్ల అవతల మనిషి దానిని ఇంకా తన వస్తువుగానే చూస్తుంటాడు, మనం సరుకుగా చూడటం మొదలుపెడతాం. అక్కడి నుంచి మాట తేడా వస్తుంది.

పొద్దున్న కొట్టు తెరిచే పని నుంచి చెబుతాను. మా నాన్నగారి కాలంలో తలుపు తీయగానే ఊడవడం, దీపం పెట్టడం, తాళం తీయడం, అంతే. మేము దానికి రెండు పనులు చేర్చాము. మొదటిది, బరువు తెలిసిన తూకపు రాయిని త్రాసు మీద పెట్టి అంకె సరిచూడటం. త్రాసు సమతలంగా లేకపోయినా, ఫంకా గాలి నేరుగా తగులుతున్నా మిల్లీగ్రాములలో తేడా చూపుతుంది, ఆ తేడా మీదనే గొడవలు వస్తాయి. రెండోది, క్రితం రాత్రి రాసిన సంచుల సంఖ్యనూ లోపలున్న సంచుల సంఖ్యనూ ఇద్దరు కలిసి లెక్కించడం. ఈ రెండింటికీ కలిపి పావుగంట పడుతుంది. త్రాసు అంకెలు కనిపించే వైపును వచ్చినవారి వైపు తిప్పి పెట్టడం మూడో పని అనుకోవచ్చు, కానీ అది ఒక్కసారి చేస్తే చాలు. ఆ ఒక్క మార్పుతో మా కొట్టులో తూకం మీద వచ్చే వాదనలు సగానికి సగం పడిపోయాయని నేను లెక్కవేసి చెప్పలేను గానీ, సాయంత్రానికి గొంతు బొంగురుపోవడం మాత్రం ఆగింది.

తూకం మీద వివాదానికి అసలు కారణం త్రాసు కాదు, తరుగు. ఇంటి దగ్గర తూచుకున్నప్పుడు రాళ్ళు, లక్క, దారం, పట్టిన మురికి అన్నీ కలిసి తూగుతాయి. మనం రాళ్ళ బరువు తీసేసి, లోపల లక్క నింపిన నగ అయితే మరికొంత తగ్గించి చెబుతాం. అది న్యాయమే, కానీ తగ్గించిన తరువాతి అంకె ఒక్కటే చెబితే వినేవారికి దోపిడీలాగే వినిపిస్తుంది. మొత్తం బరువు ఎంత, రాళ్ళకు ఎంత తీశాము, లక్కకు ఎంత తీశాము, మిగిలిన లోహం ఎంత అన్న నాలుగు అంకెలనూ కాగితం మీద వేసి, పైకి చదివి, ఆ కాగితాన్నే రశీదుకు జతచేయండి. విడిపించుకునే రోజున మళ్ళీ మొత్తం బరువు తూచి చూపించడానికి కూడా అదే ఆధారం.

ఇక పరీక్ష. ఇక్కడ నాన్నగారూ అన్నయ్యా ఇద్దరూ కొంత సరైనవారే, కొంత పొరబడినవారే. గీటురాయి మీద గీత గీసి, పక్కన తెలిసిన మచ్చు గీతతో పోల్చి, ఆమ్లపు చుక్క వేసి చూసే పద్ధతి చాలా పాతది, చేయి తిరిగినవారి దగ్గర ఇప్పటికీ నమ్మదగినది. నైట్రిక్ ఆమ్లం రాగినీ ఇత్తడినీ కరిగించుకుపోతుంది, మేలిమి ఎక్కువగా ఉన్న బంగారాన్ని ముట్టదు. బంగారాన్ని కరిగించాలంటే దానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రవరాజం కావాలి. అయితే గీతలో పడేది పైపొర మాత్రమే. ఎక్స్ కిరణాల యంత్రం 22 క్యారెట్లంటే 91.6 శాతమని, 18 క్యారెట్లంటే 75 శాతమని క్షణాలలో తేల్చిచెబుతుంది కానీ అది కూడా పైన కొన్ని పదుల మైక్రాన్ల లోతునే చూస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మందంగా బంగారు తొడుగు వేసిన వెండి గాజు ఒకటి మా యంత్రం ముందు నిజమైన 22 క్యారెట్ల గాజులాగే నిలబడింది. నేనే తీసుకున్నాను. గడువు తీరాక కరిగించే రోజున తెలిసింది.

ఆ రోజు నీటితో తూచి ఉంటే అప్పుడే పట్టుబడేది. మేలిమి బంగారం ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు తూగుతుంది; 22 క్యారెట్లది 17.5కూ 18కీ మధ్య ఉంటుంది, వెండి 10.5 మాత్రమే. గట్టి నగను దారంతో కట్టి నీటిలో ముంచి తూచి, గాలిలో తూగిన బరువును తగ్గిన బరువుతో భాగిస్తే లోపలి మాట బయటపడుతుంది. బోలు నగలకూ, లక్క నింపిన వాటికీ, రాళ్ళున్న వాటికీ ఇది పనిచేయదు. టంగ్‌స్టన్ సాంద్రత 19.25 కాబట్టి మేలిమి బంగారపు కడ్డీ లోపల దానిని దాచిన మోసాన్ని కూడా ఇది పట్టలేదు. అయస్కాంతం సంగతి చెప్పనే అక్కరలేదు. రాగి, వెండి, ఇత్తడి, టంగ్‌స్టన్ ఏవీ దానికి అంటుకోవు కాబట్టి అది ఇనుము కలిసిన నాసిరకం మోసాన్ని మాత్రమే చూపుతుంది. అందువల్ల ఒక్క పరీక్షతో తృప్తి పడకుండా రెండు వేరు వేరు పద్ధతులు కలిస్తేనే డబ్బు ఇవ్వాలన్న నియమం పెట్టుకోండి. అప్పుడు నాన్నగారి గీటురాయికీ చోటుంటుంది, అన్నయ్య యంత్రానికీ చోటుంటుంది. నగను ఆకురాయితో చిన్న గాటు పెట్టి చూడవలసి వస్తే మాత్రం వచ్చినవారి అనుమతి అడిగి, వారి కళ్ళ ముందే చేయండి. వస్తువు ఇంకా వారిది. గీత గీసే హక్కు కూడా అడిగి తీసుకోవలసిందే.

విలువ చెప్పే క్షణం ఈ వ్యాపారంలో అన్నిటికన్నా కష్టమైనది. వచ్చినామె తన అమ్మమ్మ మెడలోని గొలుసు తెస్తుంది. మనం గ్రాములు చెబుతాం. ఆమె కొన్నప్పుడు ఇచ్చిన ధరలో మజూరీ, తరుగు, రాళ్ళు, పన్ను అన్నీ ఉంటాయి. మనం కరిగిస్తే వచ్చే లోహం ధరను చూస్తాం. ఈ రెంటి మధ్య దూరాన్ని ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్ల, తనకు విలువైన దానిని మనం చిన్నచూపు చూశామని ఆమె అనుకుంటుంది. నగను బల్ల మీద పడవేసినట్లు పెట్టడం, పక్కవారు వినేటట్లు అంకె అరవడం, నవ్వుతూ యంత్రం వైపు చూడటం, ఇవన్నీ డబ్బు తక్కువ ఇవ్వడం కంటే ఎక్కువ కోపం తెప్పిస్తాయి. మా నాన్నగారు ప్రతి నగనూ గుడ్డ పరిచిన పళ్ళెంలో రెండు చేతులతో పెట్టేవారు. ఆయనకు లెక్కలు అంతగా రావు గానీ, ఆయన కూర్చున్న రోజున గొడవలు తక్కువ. మీ అన్నయ్య నేర్చుకోవలసింది అది. ఎంత ఇవ్వాలన్నది మాత్రం మీ అన్నయ్య దగ్గరే నాన్నగారు నేర్చుకోవాలి.

ఎందుకో లెక్కతో చెబుతాను. నగలోని లోహం విలువ నూరు అనుకోండి, వడ్డీ నెలకు నూటికి రెండు, గడువు ఆరు నెలలు అనుకోండి. డెబ్బై ఇస్తే గడువు నాటికి రావలసింది డెబ్బై ఎనిమిదిన్నర కన్నా తక్కువే. తొంభై ఇస్తే నూరు దాటిపోతుంది, అంటే బంగారం ధర అసలు కదలకపోయినా ఆ నగను విడిపించుకోవడం కన్నా వదిలేయడమే వారికి లాభం. ఇక ధర పడిందంటే చెప్పనక్కరలేదు. 2013 ఏప్రిల్ 15న అంతర్జాతీయ విపణిలో బంగారం ఒక్క రోజులోనే సుమారు 9 శాతం పడింది. ఆ సంవత్సరం మొత్తం మీద డాలర్లలో పావు వంతుకు పైగా తగ్గింది. ఆ ఏడాది డెబ్బై ఇచ్చినవారు కొద్దిగా నష్టపోయి నిలదొక్కుకున్నారు. మొహమాటానికి తొంభై ఇచ్చినవారి ఇనప్పెట్టెలలో ఎవరూ విడిపించని నగలు మిగిలాయి. నాన్నగారి మంచితనాన్ని నేను తప్పుపట్టడం లేదు. పాత పరిచయస్థులకు ఏదైనా చేయాలనుకుంటే వడ్డీలో తగ్గించమనండి, గడువులో పది రోజులు కలపమనండి, అసలు మాత్రం పెంచవద్దనండి. వడ్డీలో ఇచ్చిన రాయితీ మన జేబులోంచి పోతుంది. అసలు పెంచితే వచ్చినవారి నగే పోతుంది, ఆ నింద మళ్ళీ మన మీదికే వస్తుంది.

వస్తువు తీసుకున్న తరువాత దానిని భద్రపరిచే పద్ధతి మీద నేను కొంచెం ఎక్కువ పట్టుదలగల మనిషిని. "ఇది నేను పెట్టిన గాజు కాదు" అన్న మాట విన్న కొట్టు అంత తొందరగా తేరుకోదు. ఆ మాట అబద్ధమైనా సరే, ఎదుట నిలబడ్డ మరో నలుగురు దానిని ఇంటికి మోసుకుపోతారు. నగను రెండు వైపుల నుంచీ ఫోటో తీసి, సంచిలో వేసి, సంచి మూతి అతికించి, అతుకు మీద వచ్చినవారి సంతకం పడేటట్లు చేయించండి. రశీదు మీద "పసుపు రంగు గొలుసు ఒకటి" అని రాయకుండా, పొడవు, కొక్కెం తీరు, విరిగిన చోటు, అతుకు, ముద్ర అన్నీ రాయండి. ముద్రల కన్నా సొట్టలే వస్తువును గుర్తుపట్టడానికి ఎక్కువ పనికివస్తాయి. విడిపించే రోజున సంచిని వారి చేతికే ఇచ్చి, వారి చేతనే చింపించండి. మేము ఈ పద్ధతి మొదలుపెట్టిన తరువాత మార్చేశారన్న మాట రెండుసార్లే వచ్చింది, రెండుసార్లూ ఫోటో ముందు పెట్టగానే ఆగిపోయింది.

ఎవరికి తిరిగి ఇవ్వాలన్నది దీనికి తోబుట్టువు లాంటి చిక్కు. భర్త కుదువ పెట్టాడు, భార్య వచ్చి నగ నాదంటుంది. అన్న పెట్టాడు, తమ్ముడు రశీదు పట్టుకుని వస్తాడు. పెట్టినాయన చనిపోయాడు, ముగ్గురు పిల్లలు మూడు రోజులలో విడివిడిగా వస్తారు. ఇలాంటప్పుడు జాలి కొద్దీ తీర్పరి పాత్ర తీసుకోకూడదు. సంతకం చేసినవారికే, సంతకం సరిచూసి ఇవ్వాలి; వేరేవారు వస్తే ఆ సంతకందారు రాసి ఇచ్చిన అధికార పత్రం ఉండాలి; చనిపోతే చట్టప్రకారం వారసులని తేలేదాకా సంచి కదలకూడదు. నగ తనదేనని భార్య చెప్పిన మాట నిజమే కావచ్చు. అందుకే పెట్టుకునే రోజునే, ఇది మీ సొంతమేనా, ఇంట్లో మరెవరికైనా ఇందులో హక్కుందా అని అడిగి, ఆ జవాబు రాయించుకోవాలి. ఆ ఒక్క ప్రశ్నకు నీళ్ళు నమిలినవారిని మేము మర్యాదగా పంపించేసేవాళ్ళం. అలా వెనక్కి పంపిన వాటిలో కొన్ని దొంగసొత్తని తరువాత తెలిసింది.

దొంగసొత్తు విషయంలో ఒక భ్రమ చాలామందికి ఉంటుంది: మనం డబ్బు ఇచ్చాము కాబట్టి, మనకు తెలియకుండా జరిగింది కాబట్టి నష్టం మనది కాదని. దొంగకు లేని హక్కు మనకు రాదు. అసలు యజమాని నిరూపించుకుంటే వస్తువు అతనికి పోతుంది, ఇచ్చిన డబ్బు దొంగ దగ్గర వసూలు చేసుకోవలసిందే, అది వసూలు కాదు. అమెరికాలో చాలాచోట్ల తాకట్టు వ్యాపారులు తీసుకున్న ప్రతి వస్తువు వివరాన్నీ పోలీసులకు క్రమంగా అందజేయాలన్న నిబంధన ఉన్నది ఇందుకే. మీ చట్టం అంతదూరం అడగకపోయినా, గుర్తింపు పత్రం నకలు, ఫోటో, క్రమసంఖ్య రాసి ఉంచుకోవడం మీకే రక్షణ.

ఫోన్లు, కంప్యూటర్లు కూడా తీసుకుంటున్నామని రాశారు. నాకు ఆ వ్యాపారం అంతగా నచ్చదు. బంగారం పడుతూ లేస్తూ ఉంటుంది, ఫోను ధర మాత్రం పడుతూనే ఉంటుంది. తీసుకోక తప్పదంటే, పాత యజమాని ఖాతా తాళం పడి ఉన్న ఫోనును గడువు తీరాక ఎవరికీ అమ్మలేమని గుర్తుంచుకుని, ఆ తాళం తీసే సంగతి ముందే రాతలో తేల్చుకోండి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పరీక్షించడానికి తప్ప ఆ ఫోనును ఎవరూ తెరవకూడదు. కొట్టులో ఖాళీగా కూర్చున్న కుర్రవాడు అందులోని ఫోటోలు తిప్పి చూశాడంటే, నగ పోగొట్టిన దానికన్నా పెద్ద ద్రోహం జరిగినట్లే.

గడువు దాటిన మరుసటి రోజు డబ్బుతో పరుగున వచ్చేవారి సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. చట్టం ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంది. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం ప్రకారం విడిపించుకోవడానికి కనీసం ఆరు నెలలు ఇవ్వాలి. బాగా చిన్న మొత్తాలలో తప్ప, గడువు దాటిన వస్తువును తెలియపరచి అమ్మి, బాకీ పోగా మిగిలింది కుదువ పెట్టినవారికే ఇవ్వాలి. అమెరికాలోని చాలా రాష్ట్రాలలో గడువూ అదనపు రోజులూ దాటితే వస్తువు వ్యాపారిదే అవుతుంది, మిగులు అన్న మాటే ఉండదు. మీకు వర్తించేది ఏదో చూసి రశీదు మీద పెద్ద అక్షరాలలో రాయండి. మా పద్ధతి ఇది: గడువుకు ముందు రెండుసార్లు కబురు చేసేవాళ్ళం, గడువు దాటాక కూడా కొన్ని రోజులు సంచి తెరిచేవాళ్ళం కాదు. విడిపించుకోక మునిగిపోయిన నగ అమ్మితే ఒక్కసారి లాభం వస్తుంది. విడిపించుకున్నవారు అదే నగతో మళ్ళీ మళ్ళీ వస్తారు. వస్తువు మునగాలని ఎదురుచూసే వ్యాపారికి కబురు చేయడం బద్ధకంగా ఉంటుంది, ఆ బద్ధకాన్ని బయటివారు మోసమనే పిలుస్తారు.

ఇప్పుడు ఇంటి సంగతి. పారిస్‌లో 1777లో స్థిరపడిన ప్రభుత్వ తాకట్టు సంస్థను అక్కడి జనం "మా అత్త" అని పిలిచేవారు; ఇంగ్లీషువారు తాకట్టు వ్యాపారిని "మామయ్య" అన్నారు. గడియారం ఎక్కడ అని అడిగితే అత్త దగ్గర మరిచిపోయానని చెప్పుకోవడం అవమానం దాచుకునే మర్యాద అన్నమాట. మన వాళ్ళూ కొట్టులో కూర్చున్న పెద్దాయనను వరుస పెట్టే పిలుస్తారు. ఆ పిలుపు వ్యాపారానికి మంచిదే, కానీ వరుసకు కట్టుబడి లెక్క తప్పడం మొదలైతే బాధ్యత ఎవరిదో తెలియకుండా పోతుంది. మీ కొట్టులో జరుగుతున్నది ఇదే. అన్నయ్య కాదన్న మనిషి మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళేదాకా ఆగి నాన్నగారి దగ్గరికి వచ్చి ఎక్కువ పట్టుకుపోతున్నాడు. తప్పు వచ్చినవాడిది కాదు. ఒకే కొట్టుకు రెండు ధరలున్నప్పుడు ఎవరైనా పెద్దదానినే అడుగుతారు.

దీనికి మేము చేసిన ఏర్పాటు చెబుతాను. ప్రతి ఉదయం ఆనాటి ధర, గ్రాముకు గరిష్ఠంగా ఇవ్వదగిన మొత్తం పలక మీద రాసేవాళ్ళం. దానికి లోపల ఎవరు ఎంత ఇచ్చినా వారి ఇష్టం, దాటాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ఒకరు కాదన్న వస్తువును ఆ రోజు రెండోవారు ముట్టకూడదు. అలా కాదన్నవి రాసుకోవడానికి ఒక చిన్న పుస్తకం బల్ల కిందే ఉండేది. వచ్చినవారి ముందు ఒకరి మాటను ఒకరు ఖండించకూడదు, అభిప్రాయభేదం ఉంటే తలుపు మూశాక. మొదటి నెలలో ఈ నియమాలు తప్పినది మా నాన్నగారే. ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేక, తప్పిన ప్రతిసారీ తేదీ, పేరు, ఎక్కువ ఇచ్చిన మొత్తం రాసి పెట్టి, గడువు తీరాక వాటిలో ఏవి విడిపించబడ్డాయో, ఏవి మునిగాయో ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు, మరుసటి రోజు నుంచి పలక వైపు చూసి మాట్లాడటం మొదలుపెట్టారు.

మరొక సంఘటన చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. దగ్గరి చుట్టాల ఇంట్లో శుభకార్యానికి మా తమ్ముడి భార్య ఇనప్పెట్టెలోని ఒక హారం వేసుకుని వెళ్ళింది. తమ్ముడే తీసి ఇచ్చాడు. ఒక్క పూటే కదా, రేపు తిరిగి పెట్టేస్తాం కదా అనుకున్నాడు. ఆ హారం యజమానురాలు కూడా అక్కడికి వచ్చింది. ఆమె అక్కడ ఒక్క మాట అనలేదు. రెండు రోజుల తరువాత ఎక్కడో అప్పు చేసి తెచ్చి హారం విడిపించుకుంది. ఆ వారంలోనే ఆమె అక్కచెల్లెళ్ళు కూడా తమవి విడిపించుకుపోయారు. బరువులో రవ్వంత కూడా తగ్గలేదు. అయినా ఆ ఇంటివారెవరూ మళ్ళీ మా మెట్లెక్కలేదు. ఆ నాటి నుంచే ఇనప్పెట్టెకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర రెండు చెవులు. ఒకరు ఊళ్ళో లేకపోతే ఆ రోజు కొత్త కుదువలు లేవు. వ్యాపారం కొంత పోయింది నిజమే. తమ్ముడు మొదట దానిని తన మీద అనుమానంగా తీసుకున్నాడు, ఏడాది పాటు ముభావంగా ఉన్నాడు. తరువాత ఒక సంచి లెక్కలో కనబడనప్పుడు, రెండో చెవి నా దగ్గర ఉండటం వల్లనే నింద తన ఒక్కడి మీద పడలేదని అతనికి అర్థమయింది. సంచి మర్నాడు వేరే అరలో దొరికింది.

గల్లాపెట్టె విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందరికీ తెలిసిందే, ఎవరూ చేయనిదే. ఇంటి ఖర్చుకు అందులోంచి తీసే చేయి ఎవరిదైనా చిట్టాలో పద్దు పడాలి. ప్రతివారికీ నెల జీతం ఉండాలి, జీతం వేరు, లాభంలో వాటా వేరు. బంధువులకు వడ్డీ లేకుండా ఇవ్వాలనుకుంటే అది ఎవరి వాటాలోంచి ఇస్తున్నారో వారి ఖాతాలో రాయాలి. మా ఇంట్లో ఈ నియమం పెట్టాక బంధువుల మీద ఉదారత ఆశ్చర్యకరంగా తగ్గిపోయింది.

వాటా తీసుకుని వేరుపడాలా అన్న ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. కొట్టు విలువ ఎంత ఉంటుందని మీరు వేసిన లెక్కలో "ఇనప్పెట్టెలోని బంగారం" అని ఒక పద్దు రాశారు. అది తీసేయండి. గడువులో ఉన్న నగలు మీ ఆస్తి కాదు. వాటి మీద ఇచ్చిన అసలూ, ఈనాటి వరకు పెరిగిన వడ్డీ మాత్రమే మీ ఆస్తి. గడువు దాటి చట్టప్రకారం మీవైన వస్తువులను వేరుగా, అమ్మితే వచ్చే ధరకు రాయండి. మిగులు తిరిగి ఇవ్వవలసి ఉంటే దానిని బాకీ కింద చూపండి. ఎక్కువ ఇచ్చి ఇరుక్కున్న కుదువలలో రావలసిన మొత్తాన్ని నగ విలువ దగ్గరే ఆపండి. ఈ లెక్క వేయడానికి ఒక సెలవు రోజున నాన్నగారూ అన్నయ్యా మీరూ కూర్చుని, ప్రతి సంచి మీద సంఖ్యను ఒకరు చదువుతుంటే ఒకరు చిట్టాలో గుర్తుపెట్టి, మూడోవారు అతుకు సరిచూడాలి. రోజంతా పడుతుంది. మీ అంచనా దీనితో బాగా తగ్గుతుంది, అన్నయ్య అంచనా కూడా తగ్గుతుంది. మీ ఇద్దరూ ఇంతకాలం పోట్లాడుకుంటున్న మొత్తంలో చాలాభాగం వేరేవారి మెడలలోంచి వచ్చిందేనని ఆ కాగితం మీదే కనిపిస్తుంది. అది చేతిలో ఉన్నప్పుడు మళ్ళీ రాయండి. వేరుపడాలా వద్దా అన్నది అప్పుడు అంకెలు చూసి మాట్లాడుకోవచ్చు.